మౌనం అర్ధాంగీకారం కాదు

డిస్కు చెడిపోతే మనకి తెలిసిపోతుంది. ఫైలు తెరుచుకోదు, స్క్రీను మీద ఎర్రగా ఓ డబ్బా ఊడిపడుతుంది. నెట్ పోతే చెప్పనే అక్కర్లేదు, ఇంట్లో పిల్లలే కేకలేసి చెప్తారు. సౌండ్ పోతే మాత్రం జరిగేది ఒకటే. ఏమీ వినబడదు. ఏమీ వినబడకపోవడం తప్పా ఒప్పా అన్నది ఎలా తేల్చాలి? పాట అయిపోయి ఉండొచ్చు. ఎవరో మ్యూట్ నొక్కి ఉండొచ్చు. ఫోనులో అవతలి మనిషి అలిగి కూర్చుని ఉండొచ్చు :)

చాలా ఏళ్ళుగా నాకు కూడు పెడుతున్నది సౌండ్ డ్రైవర్లే. ఈ పనిలో నాకు గట్టిగా ఏర్పడిన అభిప్రాయం ఒకటుంది. అదే ఇక్కడ రాద్దామనుకుంటున్నాను. మౌనం అర్ధాంగీకారం అంటారు కదా మనవాళ్ళు. పెళ్ళిచూపుల్లో ఆ సామెత ఎంతవరకు నిజమో నాకు తెలీదు గానీ, డ్రైవర్లలో మాత్రం అస్సలు పనికిరాదు. హార్డ్‌వేర్‌లో తప్పు జరిగినప్పుడు డ్రైవర్ నోరు మూసుకుంటే ఆ తప్పు మాయమైపోదు. ఇంకెవరి నెత్తినో పడుతుంది. ఎవరి నెత్తిన అంటే, సాధారణంగా "ఇది నా తప్పు కాదు" అని నిరూపించుకునే దారి లేనివాడి నెత్తిన.

మీరు జావాలోనో డాట్‌నెట్‌లోనో పనిచేస్తూ "మనకెందుకీ కెర్నెల్ గోల" అనుకుంటున్నారేమో, కాస్త ఓపిక పట్టండి. ఖాళీ క్యాచ్ బ్లాకు రాసే ప్రతివాడికీ ఈ కథతో చుట్టరికం ఉంది.

ముందు సౌండ్ ఎలా నడుస్తుందో రెండు ముక్కల్లో చెప్పుకుందాం. కంప్యూటర్‌కి శబ్దమంటే వరసగా వచ్చే అంకెలు. మామూలుగా సెకనుకి 48,000. ప్రోగ్రాం వాటిని ఒక బఫర్లో పోస్తుంటుంది, హార్డ్‌వేర్ అటువైపు నుంచి తోడుకుంటూ ఉంటుంది. బఫర్ని ముక్కలుగా విడగొట్టి, ముక్క అయిపోయినప్పుడల్లా హార్డ్‌వేర్ ఇంటరప్ట్ కొడుతుంది. ముక్కకి 1024 ఫ్రేములు అనుకుంటే 21 మిల్లీసెకన్లకి ఒకసారి. అలాంటివి నాలుగు ముక్కలుంటే మొత్తం 85 మిల్లీసెకన్ల సరుకు చేతిలో ఉన్నట్టు. ఆ లోపల ప్రోగ్రాం మళ్ళీ నింపకపోతే బఫర్ ఎండిపోతుంది. దాన్నే అండర్‌రన్ అంటారు. రికార్డింగులో అయితే ఉల్టా, తోడేవాడు ఆలస్యం చేస్తే బఫర్ పొంగిపోతుంది, అది ఓవర్‌రన్. రెండిటినీ కలిపి ఎక్స్‌రన్ అని ముద్దుపేరు.

ఇక్కడే అసలు చిక్కంతా ఉంది. నిశ్శబ్దం అంటే డేటా లేకపోవడం కాదు, సున్నాలు. సున్నా కూడా చెల్లుబాటయ్యే శాంపిలే. డిస్కు డ్రైవర్ తప్పు డేటా ఇస్తే ఫైల్ సిస్టమో, చెక్‌సమ్మో, ఎక్కడో ఒకచోట పట్టుకునే అవకాశం ఉంటుంది. సౌండ్ డ్రైవర్ సున్నాలు ఇస్తే పట్టుకునేవాడు లేడు. దారిలో ఉన్నవాళ్ళందరూ వాటిని మర్యాదగా స్పీకర్ దాకా సాగనంపుతారు. డేటా ఆలస్యమైతే ముందుగానే సున్నాలు నింపి పెట్టుకునే సదుపాయం ఆల్సాలోనే ఉంది. (ఆల్సా అంటే లైనక్స్‌లో సౌండ్ సంగతులు చూసుకునే భాగం. యారోస్లావ్ కిసెలా 1998లో మొదలుపెట్టాడు, 2003 చివర్లో వచ్చిన 2.6 కెర్నెల్ నుంచి అదే ప్రధానం.) చెవికి టకటకలు వినబడకుండా పెట్టిన మంచి సదుపాయమే అది. కానీ తప్పుని కప్పిపెట్టడానికి కూడా అంతే చక్కగా పనికొస్తుంది.

రెండో చిక్కు తీగల్లో ఉంది. ప్రాసెసర్ నుంచి కోడెక్ చిప్‌కో యాంప్లిఫయర్ చిప్‌కో శబ్దం వెళ్ళే దారిని ఐ2ఎస్ అంటారు. ఫిలిప్స్ వాళ్ళు 1986లో ఇచ్చిన పద్ధతి. అందులో ఒక బిట్ క్లాకు, ఎడమా కుడీ చెప్పే ఇంకో క్లాకు, ఒక డేటా తీగ. అంతే. తిరుగు దారి లేదు. ఆకాశవాణి వార్తల్లాగా, చదివేవాడు చదువుకుంటూ పోతాడు, అవతల రేడియో ఆన్‌లో ఉందో కాలిపోయిందో అతనికి అక్కర్లేదు. యాంప్లిఫయర్ ఆరిపోయినా సరే, ప్రాసెసర్ వైపు డీఎమ్ఏ కదులుతూనే ఉంటుంది, ఇంటరప్టులు టంచనుగా వస్తూనే ఉంటాయి, ప్రోగ్రాం రాసిన ప్రతి ఫ్రేమూ విజయవంతంగా "వినిపించినట్టు" లెక్క తేలుతుంది.

చిప్ తన కష్టం చెప్పుకోవాలంటే వేరే దారి వెతుక్కోవాలి. మామూలుగా అది ఐ2సీ బస్సు. అదీ ఫిలిప్స్ వాళ్ళదే, 1982 నాటిది. ఇందులో ప్రతి ఎనిమిది బిట్ల తర్వాత తొమ్మిదో క్లాకులో అవతలివాడు "ఊఁ" కొట్టాలి. పాత పేదరాశి పెద్దమ్మ కథల్లో ఊఁ కొట్టినట్టే. కాబట్టి చిప్‌లో ఫాల్ట్ రిజిస్టర్ చదివితే కరెంటు ఎక్కువైందా, వేడెక్కిందా, క్లాకు పోయిందా అన్నీ తెలుస్తాయి. కానీ ఎవరో ఒకరు అడగాలి. అడగడం డ్రైవర్ పని. ఐ2సీ నెమ్మదైన బస్సు, దాని మీద చదవాలంటే ఆగి ఎదురుచూడాలి. ఇంటరప్ట్ వచ్చినప్పుడు అలా ఆగి కూర్చునే వీల్లేదు గనక ఆ పనిని విడిగా వర్క్‌క్యూలో పెట్టుకోవాలి. కొంచెం ఎక్కువ పని. కొంచెం ఎక్కువ పని అన్నచోటల్లా ఏం జరుగుతుందో మన ఫీల్డులో అందరికీ తెలిసిందే.

ఇప్పుడు నేను స్వయంగా చూసిన సంగతి చెప్తాను. 2019 మే నెల. హైదరాబాదు శివార్లలో ఓ ఫ్యాక్టరీ, పేరు అనవసరం. పెద్ద రేకుల షెడ్డు, లోపల మిషన్ల హోరు. షిఫ్టు మారేటప్పుడూ, ఏదైనా ప్రమాదం జరిగినప్పుడూ అనౌన్స్‌మెంట్ వినిపించడానికి షెడ్డంతా స్పీకర్లు. స్పీకర్ల గుంపుకొకటి చొప్పున గోడకి బిగించిన ఇనప పెట్టె, అందులో లైనక్స్ నడిచే చిన్న బోర్డు, దాని మీద యాంప్లిఫయర్ చిప్. ఆ పెట్టెలు చేసిన కంపెనీకి మేం సాఫ్ట్‌వేర్ వైపు సాయం చేసేవాళ్ళం. కంప్లయింట్ ఏంటంటే, మధ్యాహ్నం పూట నాలుగైదు చోట్ల స్పీకర్లు మూగబోతున్నాయి, సాయంత్రానికి వాటంతట అవే మళ్ళీ పలుకుతున్నాయి.

పెట్టెల కంపెనీ వాళ్ళు లాగులు తెప్పించుకుని చూశారు. శుభ్రంగా కడిగిన ముత్యంలా ఉన్నాయి. ఒక్క ఎర్రర్ లేదు. ప్లేయర్ ప్రోగ్రాం అయితే "ఫలానా టైముకి ఫలానా అనౌన్స్‌మెంట్ పూర్తిగా వినిపించాను" అని నమ్మకంగా రాసిపెట్టుకుంది. బోర్డు బావుంది, సాఫ్ట్‌వేర్ బావుంది, మరి మిగిలిందేంటి? పెట్టె నుంచి స్పీకర్ల దాకా ఉన్న వైరు. వైరింగ్ చేసినవాడు ఓ పెద్దాయన. కాంట్రాక్టర్ అని పేరే గానీ తనూ ఇద్దరు కుర్రాళ్ళూ, అంతే ఆ కంపెనీ. ఆయన బిల్లు ఆపేశారు. పాపం ఆయన తన చేతి డబ్బులు పెట్టి రెండు చోట్ల కేబుల్ మొత్తం మార్చాడు. అయినా మధ్యాహ్నం కాగానే అదే తంతు. "ఈసారి కూడా సరిగ్గా చెయ్యలేదు" అన్నారు. ఎందుకంటే లాగుల్లో ఏమీ లేదు కదా!

ఇది గమనించండి. ఖాళీ లాగు అంటే "సమాచారం లేదు" అని అర్థం. కానీ మీటింగులో కూర్చున్నవాళ్ళకి అది "తప్పు లేదు" అనే సాక్ష్యంలా కనబడింది. ఆ సాక్ష్యానికి ఎదురు చెప్పడానికి పెద్దాయన దగ్గర లాగులూ లేవు, ఈమెయిలూ లేదు. ఉన్నదల్లా నోటి మాట.

చివరికి నన్ను సైటుకి పంపించారు. మధ్యాహ్నం రెండున్నరకి వెళ్ళాను. పెద్దాయన నిచ్చెన పట్టుకుని రెడీగా ఉన్నాడు. "వైరు కొత్తదే సార్, నడుమ జాయింటు కూడ లేదు, మీరే చూడుండ్రి" అన్నాడు. మూగబోయిన పెట్టె తెరిచి లాప్‌టాప్ తగిలించాను. ప్లేయర్ పాడుతూనే ఉంది, ఆల్సా లెక్కలో ఫ్రేములు కదులుతూనే ఉన్నాయి. అప్పుడు డ్రైవర్ని పక్కనపెట్టి ఐ2సీగెట్ కమాండుకి మైనస్ ఎఫ్ తగిలించి చిప్‌ని నేరుగా అడిగాను. ఫాల్ట్ రిజిస్టర్‌లో వేడి ఎక్కువైన బిట్ వెలుగుతోంది. పెట్టె మీద చెయ్యి వేస్తే ఒక్క క్షణం కూడా ఉంచలేకపోయాను. రేకుల కింద, మే నెలలో, గాలాడని ఇనప పెట్టె.

చిప్ చెయ్యాల్సిందే చేసింది. హద్దు దాటి వేడెక్కగానే కాలిపోకుండా అవుట్‌పుట్ ఆపేసింది, చల్లబడ్డాక మళ్ళీ మొదలెట్టింది. పైగా "నేను ఆపేశాను, ఇదీ కారణం" అని రిజిస్టర్‌లో రాసిపెట్టింది కూడా. ఆ ఉత్తరం విప్పి చదివినవాడు లేడు, అంతే.

ఎందుకు లేడు? సోర్స్ కోడు చరిత్ర తిరగేస్తే దొరికింది. చిప్ అమ్మినవాళ్ళిచ్చిన డ్రైవర్లో మొదట్లో ఆ చెకింగ్ ఉంది. 200 మిల్లీసెకన్లకోసారి రిజిస్టర్ చదివి, ఫాల్ట్ ఉంటే లాగులో ఒక లైను రాసేది. అంటే సెకనుకి 5 లైన్లు, గంటకి 18,000. వేడెక్కిన బోర్డులో సాయంత్రానికల్లా లాగు ఉబ్బిపోయి చిన్న ఫ్లాష్ నిండిపోయేది. ఆ కంపెనీలో ఎవరో విసిగిపోయి, రెండేళ్ళ ముందే మొత్తం చెకింగే తీసేశారు. కమిట్ మెసేజీలో "లాగ్ గోల తగ్గింపు" అని అర్థం వచ్చే మూడు ముక్కలు. లారీలో ఆయిల్ లైటు వెలుగుతూ కంటికి అడ్డం పడుతోందని దాని మీద నల్ల టేపు అంటించినట్టు. ఆ పని చేసిన మనిషి దుర్మార్గుడేమీ కాదు. ఆ రోజు వాళ్ళ మేనేజరు అడిగింది ఫ్లాష్ నిండకుండా చూడమనే. అది జరిగింది. టికెట్ క్లోజ్ అయింది.

పెద్దాయనకి నాకు తోచినట్టు విడమరిచి చెప్పాను. అన్నా, నీ వైరు తప్పేం లేదు, లోపల చిప్ వేడెక్కి తనే ఆగిపోతోంది, ఆ సంగతి దానికి తెలుసు గానీ మధ్యలో చెప్పేవాడు లేడు అని. ఆయన కాసేపు పెట్టెవైపు చూసి, "అంటే మిషన్‌కు ముందుగాలనే తెలుసా సార్?" అన్నాడు. తెలుసు అన్నాను. "మరి చెప్పలేదేంది?"

ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. తర్వాత పెట్టెలకి గాలాడే ఏర్పాటు చేశారు, డ్రైవర్లో చెకింగ్ సరిగ్గా మళ్ళీ పెట్టాం. పెద్దాయన బిల్లు రెండు నెలలకి వచ్చిందట. రెండుసార్లు కొన్న కేబుల్ డబ్బులు మాత్రం రాలేదు. అదృష్టం కొద్దీ ఆ మధ్యాహ్నాల్లో షెడ్డులో ప్రమాదమేదీ జరగలేదు. జరిగి ఉంటే "ఖాళీ చెయ్యండి" అన్న మాట నాలుగు మూలల్లో ఎవరికీ వినబడేది కాదు. లాగులో మాత్రం వినిపించినట్టే ఉండేది.

మరి సరిగ్గా చెయ్యడమంటే ఏంటి? దీనికి మంచి ఉదాహరణ కెర్నెల్లోనే ఉంది. టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వాళ్ళ టాస్5720 అనే యాంప్లిఫయర్ చిప్ డ్రైవర్ 2016లో చేరింది (మా పెట్టెల్లోది అది కాదు, వేరే చిప్). అదీ 200 మిల్లీసెకన్లకోసారే ఫాల్ట్ రిజిస్టర్ చూస్తుంది. కానీ క్రితం సారి లేని ఫాల్ట్ ఈసారి కొత్తగా కనబడితేనే లాగులో రాస్తుంది. కరెంటు ఎక్కువైందా, డీసీ తేడానా, వేడా అన్నది పేరు పెట్టి మరీ చెప్తుంది. ఫాల్ట్ ఉన్నంతసేపూ చిప్‌ని ఒకసారి ఆపి మళ్ళీ లేపి క్లియర్ చెయ్యడానికి ప్రయత్నిస్తూనే ఉంటుంది. గంటకి 18,000 లైన్లకీ, అసలు లైనే లేకపోవడానికీ మధ్య ఉన్న దారి ఇదే. క్రితం విలువ గుర్తుపెట్టుకోవడానికి ఒక్క వేరియబుల్ చాలు.

ఒకే డ్రైవర్లో రెండు రకాల స్వభావాలూ ఉండొచ్చు. మన లాప్‌టాపుల్లో చాలావాటిలో ఉండేది ఇంటెల్ 2004లో తెచ్చిన హెచ్‌డీ ఆడియో. దాని లైనక్స్ డ్రైవర్‌కి కోడెక్ నుంచి జవాబు రాకపోతే ముందు "పోలింగ్ మోడ్‌కి మారుతున్నాను" అని హెచ్చరిస్తుంది. అప్పటికీ రాకపోతే "ఎమ్ఎస్ఐ ఆపేస్తున్నాను" అంటుంది. ప్రతిసారీ చివరిగా పంపిన కమాండ్ ఏదో అంకెతో సహా రాస్తుంది. మెట్టు మెట్టుకీ చెప్పి మరీ దిగుతుంది. నాకు చాలా ఇష్టమైన కోడ్ అది. అదే డ్రైవర్లో స్ట్రీమ్ ఇంటరప్ట్ దగ్గర చూడండి. స్టేటస్ రిజిస్టర్‌లో మూడు బిట్లు ఉంటాయి. బఫర్ ముక్క పూర్తయింది అనేది ఒకటి, ఫైఫోలో తేడా వచ్చింది అనేది ఒకటి, డిస్క్రిప్టర్‌లో తేడా వచ్చింది అనేది ఒకటి. డ్రైవర్ మూడింటినీ ఒకే రాతతో చెరిపేసి, మొదటి బిట్ ఉందా లేదా అని మాత్రమే చూసుకుని ముందుకెళ్ళిపోతుంది. మిగిలిన రెండు వెలిగాయని పైన ఎవరికీ చెప్పదు. ఒక్క ఫైఫో తేడాకే పాట ఆపెయ్యాలని నేననడం లేదు. కనీసం లెక్క ఉంటే బావుండేది అంటున్నాను.

లెక్క అంటే గుర్తొచ్చింది. నెట్‌వర్క్ వాళ్ళని చూసి మనం నేర్చుకోవాల్సింది ఇదే. ఐఎఫ్‌కాన్ఫిగ్ కొడితే ఎన్ని ప్యాకెట్లు పోయాయి, ఎన్ని చెడిపోయాయి అని ఎప్పట్నుంచో కనబడుతోంది. ప్యాకెట్ పోయినంత మాత్రాన కనెక్షన్ ఆగదు, అయినా లెక్క మాత్రం తప్పదు. సౌండ్‌లో ఈ అలవాటు తక్కువ. పైపొరల్లో కొంత నయం, పైప్‌వైర్‌తో వచ్చే పీడబ్ల్యూ-టాప్‌లో ఎర్రర్ల కాలమ్ ఒకటి ఉంటుంది. కింద హార్డ్‌వేర్‌లో ఏమైందన్నది అక్కడిదాకా ఎక్కి రావాలంటే మాత్రం డ్రైవర్ నోరు విప్పాల్సిందే.

నోరు విప్పడమంటే ఎవరితో? ముగ్గురితో. ఈ ముగ్గుర్నీ కలిపి ఒకే గాటన కట్టడమే చాలామంది చేసే పొరపాటు.

మొదటిది ప్రోగ్రాం. దానికి లాగు అక్కర్లేదు, రిటర్న్ కోడ్ కావాలి, అదీ సరైనది. ఆల్సాలో ఎక్స్‌రన్ అయితే మైనస్ 32 వస్తుంది. దాన్ని అచ్చువేస్తే "బ్రోకెన్ పైప్" అని వస్తుంది. మొదటిసారి చూసినవాడు ఎక్కడి గొట్టం, ఎవరు విరగ్గొట్టారు అని జుట్టు పీక్కుంటాడు :) పరికరం పీకేస్తే మైనస్ 19, డీఎమ్ఏనో ఇంటరప్టో పూర్తిగా మొండికేస్తే మైనస్ 5. ఈ తేడాలు ఊరికే పెట్టలేదు. మైనస్ 32 వస్తే ప్రోగ్రాం మళ్ళీ సిద్ధం చేసుకుని కొనసాగొచ్చు. మైనస్ 19 వస్తే ఎంత ప్రయత్నించినా లాభం లేదు. కానీ చాలా డ్రైవర్లలో హార్డ్‌వేర్‌కి ఏ జబ్బు చేసినా స్ట్రీమ్‌ని ఎక్స్‌రన్‌లోకి నెట్టేసి చేతులు దులుపుకుంటారు. అన్ని జబ్బులకీ "వాతం చేసింది" అన్నట్టు. ప్రోగ్రాం ఏమో "ఓహో, నేనే ఆలస్యం చేశాను కాబోలు" అనుకుని బఫర్ పెంచుకుంటుంది.

ప్రోగ్రాములు రాసేవాళ్ళు మాత్రం తక్కువ తిన్నారా! ఆల్సా లైబ్రరీలో ఎక్స్‌రన్ నుంచి కోలుకోవడానికి రికవర్ అని ఒక ఫంక్షన్ ఉంది. దాని మూడో ఆర్గ్యుమెంట్ పేరేంటో తెలుసా? సైలెంట్. అక్కడ 1 పెడితే ఏ మెసేజీ అచ్చు కాదు. నేను చూసిన చాలా కోడ్‌లో అక్కడ 1 ఉంటుంది. ప్లేబ్యాక్‌లో అయితే ఒక టక్కు వినబడి ఊరుకుంటుంది, సరే. రికార్డింగులో అలా చేస్తే పొంగిపోయిన శాంపిళ్ళు పోయి, ముందూ వెనకా అతుక్కుపోతాయి. కచేరీ రికార్డు చేస్తుంటే తాళంలో ముక్క ఎగిరిపోతుంది. ఫైలు మాత్రం నున్నగా, ఏ మచ్చా లేకుండా ఉంటుంది. ఎక్కడ పోయిందో, ఎంత పోయిందో తర్వాత ఎవరూ చెప్పలేరు. ఆరికార్డ్ అనే పాత కమాండ్ నయం, ఓవర్‌రన్ అని, కనీసం ఇన్ని మిల్లీసెకన్లు అని అరిచి చెప్తుంది.

రెండోది సిస్టమ్‌ని చూసుకునే మనిషి. ఈయనకి లాగు కావాలి. కానీ లాగు రాయడం కూడా ఒక విద్యే. మనకి "నాన్నా పులి" కథ చిన్నప్పుడే చెప్పారు. పులి రాకుండానే అరిచేవాడి సంగతి తెలిసిందే. డ్రైవర్లు బూట్ అయ్యేటప్పుడు అవతల క్లాకో రెగ్యులేటరో ఇంకా సిద్ధంగా లేకపోతే "కాసేపాగి మళ్ళీ ప్రయత్నించు" అనే కోడ్ తిరిగిస్తాయి. అది తప్పు కాదు, క్యూలో నిలబడటం. కానీ ఏళ్ళ తరబడి డ్రైవర్లు దాన్ని కూడా ఎర్రర్ అని అచ్చువేస్తూ వచ్చాయి. బూట్ లాగు నిండా ఎర్రర్లు, మెషిన్ మాత్రం శుభ్రంగా నడుస్తుంటుంది. అలాంటి లాగులు చూసీ చూసీ అసలు ఎర్రర్ వచ్చినా కళ్ళు దాటిపోతాయి. 2020లో ఈ రెండిటినీ వేరుచేసి అచ్చువేసే ఫంక్షన్ కెర్నెల్లోకి వచ్చింది. అప్పట్నుంచి నెమ్మదిగా శుభ్రపడుతోంది. అరవకపోవడం ఎంత తప్పో ఊరికే అరవడమూ అంతే తప్పు. ఆ ఫ్యాక్టరీ పెట్టెల్లో రెండోది మొదటిదానికి దారితీసింది.

మూడోది వినేవాడు. ఈయనకి రిటర్న్ కోడూ తెలీదు, లాగూ తెలీదు. స్క్రీన్ మీదో పెట్టె మీదో ఒక గుర్తు కావాలి. దీనికి పెద్ద యంత్రాంగం అక్కర్లేదు. ఆల్సాలో వాల్యూమ్‌కి కంట్రోల్ పెట్టినట్టే "యాంప్ ఫాల్ట్" అని చదవడానికి మాత్రమే వీలయ్యే కంట్రోల్ ఒకటి పెట్టి, విలువ మారినప్పుడు నోటిఫై చేస్తే చాలు. పైన ఏ ప్రోగ్రామైనా దాన్ని విని ఒక ఎర్ర లైటు వెలిగించొచ్చు. ఆ ఫ్యాక్టరీ పెట్టెలకి మేం చివరికి చేసింది ఇదే. ఇప్పుడు వేడెక్కి ఆగిపోతే పెట్టె మీద లైటు వెలుగుతుంది. వైరు మనిషిని పిలవాలా, ఫ్యాను మనిషిని పిలవాలా అన్నది చూసేవాడికి అక్కడే తెలిసిపోతుంది.

ఇంత చెప్పాక నాకు మామూలుగా వచ్చే అభ్యంతరం ఒకటుంది. "పాట వింటున్నవాడికి ఇవన్నీ ఎందుకు బాసూ, నడిచిపోతే చాలు కదా" అని. నిజమే. 20 మిల్లీసెకన్ల టక్కుకి పాట ఆపి క్షమాపణ చెప్పే ప్లేయర్ నాకూ వద్దు. కానీ కోలుకోవడం వేరు, చెప్పడం వేరు. కోలుకోవడం ఎంత గుట్టుగా జరిగినా పర్లేదు, చెప్పడం మానకూడదు. జ్వరానికి మాత్ర వేసుకుని ఆఫీసుకి వెళ్ళొచ్చు, కానీ డాక్టరు అడిగితే నాలుగు రోజులుగా జ్వరమని చెప్పాలి కదా.

కోడ్ రివ్యూల్లో సౌండ్ డ్రైవర్ నా ముందుకొస్తే నేను చూసేవి ఇవి. చాదస్తం అనుకోకపోతే మీరూ చూడండి.

1. కింద నుంచి వచ్చిన ఎర్రర్ కోడ్ యథాతథంగా పైకి వెళ్తోందా? ఐ2సీ ఇచ్చిన మైనస్ 121ని మధ్యలో మైనస్ 22 చేసినా, మరీ ఘోరంగా సున్నా చేసినా నేను ఒప్పుకోను.

2. ఫాల్ట్ మొదలైనప్పుడు ఒక లైను, పోయినప్పుడు ఒక లైను ఉన్నాయా? పోయినట్టు రాయకపోతే ఎంతసేపు ఉందో ఎవరికీ తెలీదు. మధ్యలో వందసార్లు అదే మాట అక్కర్లేదు.

3. రేట్ లిమిట్ పెడితే పెట్టారు, దానితో పాటు లెక్క ఉందా? కెర్నెల్ మామూలు లిమిట్ 5 సెకన్లకి 10 మెసేజీలు. మింగేసినవి ఎన్నో, ఏవో డ్రైవర్‌కి తెలిసి ఉండాలి.

4. మెసేజీలో ఏ పరికరం, ఏ రిజిస్టర్, ఏ విలువ అన్నవి ఉన్నాయా? "ఏదో తప్పు జరిగింది" అని రాయడానికి డ్రైవర్ అక్కర్లేదు.

5. హార్డ్‌వేర్ నిజంగానే ఆగిపోతే స్ట్రీమ్ కూడా ఆగుతోందా, లేక "పాడుతున్నాను" అని నటిస్తోందా?

6. ఎవరైనా ఎర్రర్ మెసేజీ తీసేస్తూ ప్యాచ్ పంపితే, ఆ మెసేజీ చెప్పే సంగతి ఇకనుంచి ఎవరికి, ఎలా తెలుస్తుంది?

ఈ ఆరో ప్రశ్నకే నాకు రివ్యూల్లో ఎక్కువ గొడవలయ్యాయి. మెసేజీ తీసెయ్యడం ఎప్పుడూ చిన్న ప్యాచే. రెండు మూడు లైన్లు ఎర్రగా పోతాయి, టెస్టులన్నీ పచ్చగానే ఉంటాయి, లాగు ప్రశాంతంగా ఉంటుంది, కస్టమర్ కూడా థాంక్స్ చెప్తాడు. నష్టపోయేవాడు ఆ రివ్యూలో ఉండడు, ఆ కంపెనీలోనూ ఉండడు. ఎప్పుడో రెండేళ్ళ తర్వాత ఎక్కడో ఉంటాడు. అతని తరఫున అడిగేవాడు ఆ రోజు ప్యాచ్ చదువుతున్న మనమే.

సౌండ్ డ్రైవర్లు రాయనివాళ్ళు కూడా రేపు ఓ ఖాళీ క్యాచ్ బ్లాకో, పట్టించుకోకుండా వదిలేసిన రిటర్న్ కోడో కనబడితే ఒక్క నిమిషం ఆగి చూడండి. అక్కడ మింగేస్తున్న మాట రేపు ఎవరికి అవసరం పడుతుందో ఆలోచించండి. చాలాసార్లు ఎవరికీ పడదు, నిజమే. పడినప్పుడు మాత్రం అది తప్ప ఆ మనిషికి వేరే సాక్ష్యం ఉండదు.